జాలి, దయ, కరుణ, కనికరం: ఏ మాట ఎక్కడిది, ఏది ఎక్కడ వాడాలి

ప్రశ్న ఇదీ. విశాఖపట్నంలో మంచం పట్టిన రోగుల ఇళ్ళకే వెళ్ళి ఉపశమన చికిత్స (జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే వైద్యం) అందించే చిన్న బృందం ఒకటి తెలుగులో కరపత్రం వేస్తోంది. మొదటి ప్రతిలో ‘జాలితో మీ ముంగిట’ అని రాశారు. జాలి అంటే రోగిని తక్కువ చేయడమేనని ఒకరు అభ్యంతరం చెప్పారు. ‘దయ’ పెట్టమని ఇంకొకరు, కరుణ అంటే ఏడుపు రసం కదా, అది అసలే వద్దని మూడో ఆయన. ఇంతకీ జాలి ఎక్కడి మాట, వీటిలో తేడా ఏమన్నా ఉందా, ఏది వాడాలి?

ముందు పని జరిగే జవాబు: పైన పేరులా పెద్ద అక్షరాల్లో ఒకే మాట కావాలంటే ‘కరుణ’ పెట్టండి. లోపల వాక్యాల్లో ‘ఆదరణ’ రాయండి. ‘జాలి’, ‘దయ’ రెండూ తీసేయండి. ‘కారుణ్యం’ జోలికి అసలు పోవద్దు, దానికి వేరే కారణం ఉంది. ఇక ఎందుకన్నది కాస్త పొడుగ్గానే చెప్పాలి. మీ ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది మరి.

జాలి దగ్గర మొదలుపెడదాం. దీన్ని పలకడంలోనే సగం చరిత్ర ఉంది. ‘జీతం’లో జ ఒకలా, ‘జడ’లో జ ఒకలా పలుకుతాం. మొదటిది తాలవ్యం (నాలుక అంగిలికి తగిలి పలికేది), రెండోది దంత్యం (పళ్ళ దగ్గర పలికేది). అచ్చ తెలుగు మాటల్లో ఇ, ఈ, ఎ, ఏ ల ముందు చ, జ లు తాలవ్యాలుగానూ, అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ ల ముందు దంత్యాలుగానూ ఉంటాయని వ్యాకరణం. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో మాత్రం ఏ అచ్చు ముందైనా తాలవ్యమే: జలం, జాతి, జాలం. మన జాలి దంత్యం. పాత నిఘంటువుల్లో దాన్ని జ మీద గుర్తు పెట్టి ‘ౙాలి’ అని అచ్చువేశారు. యూనికోడ్‌లోనూ ఆ అక్షరానికి వేరే స్థానం ఉంది. కిటికీకి కొట్టే జాలీ, వల అనే అర్థంలో జాలం, వీటిలో జ తాలవ్యం. కాబట్టి ‘మనసు వలలో చిక్కుకోవడమే జాలి’ అనే వ్యాఖ్యానం ఎక్కడైనా కనిపిస్తే పక్కన పెట్టండి, ధ్వని ఒప్పుకోదు. ‘జాలువారడం’ నుంచి వచ్చిందనే ఇంకో ఊహ ఉంది. అక్కడ జ దంత్యమే గనక వినడానికి సబబుగా ఉంటుంది. అయితే పారడం అనే అర్థం నుంచి వ్యథ అనే అర్థానికి మధ్య మెట్టు ఒక్కటీ దొరకదు. రెండు మాటలు ఒకేలా వినబడినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు.

జాలికి అర్థం ‘వ్యథ’ అన్నాను. అసలు విషయం అదే. పాత వాడుకలో జాలి అంటే దుఃఖం, చింత, మనసులో కలత. జాలిపడడమంటే తాను బాధపడడం, దిగులుపడడం. ఎదుటివాడి బాధ చూసి పడే బాధ కూడా అందులో భాగమే గానీ, అదొక్కటే అందులో ఉండేది కాదు. పతి దూరమైన నాయికకు జాలి, బిడ్డ కనబడని తల్లికి జాలి. ఇప్పుడు మనకు మిగిలింది ఆ అర్థంలో ఒక చివరి ముక్క. పరుల బాధ వల్ల మనకు కలిగే నొప్పి మాత్రమే నిలిచి, సొంత దుఃఖం ‘దిగులు’, ‘బెంగ’ లాంటి మాటలకు వెళ్ళిపోయింది.

ఈ పాత అర్థం పూర్తిగా చచ్చిపోలేదు, వాక్యనిర్మాణంలో దాక్కుని ఉంది. ‘నాకు జాలి వేసింది’ అంటాం. ‘వేయు’ క్రియతో ఇంకేమేం వస్తాయో చూడండి: ఆకలి వేసింది, చలి వేసింది, దాహం వేసింది, భయం వేసింది, దిగులు వేసింది, సిగ్గు వేసింది, అసహ్యం వేసింది. అన్నీ మన అనుమతి అడక్కుండా ఒంటి మీదకో మనసు మీదకో వచ్చిపడేవే. ‘దయ వేసింది’, ‘కరుణ వేసింది’, ‘కృప వేసింది’ అని తెలుగువాడెవడూ అనడు. శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా ఏ ఊళ్ళోనైనా ‘ఆ గుంటణ్ణి చూస్తే జాలేస్తంది’ అన్నప్పుడు ఆ మనిషి పైనుంచి కిందికి చూడడం లేదు, తనకి కడుపులో ఏదో కదిలిందని చెబుతోంది, అంతే.

మరి కించపరచడం ఎక్కడ దూరింది? క్రియ మారిన చోట. ‘జాలి వేసింది’లో చూసినవాడు బాధితుడు. ‘జాలిపడ్డాను’లో వాడు కర్త, అయినా బాధపడు, భయపడు లాగా పడేది తనే. ‘జాలి చూపించాను’ అనేసరికి జాలి ఒక వస్తువైపోయింది: ఇచ్చేవాడు ఒకడు, పుచ్చుకునేవాడు ఒకడు. ‘నా మీద ఎవరూ జాలి చూపించక్కర్లేదు’ అనే కోపం ఈ మూడో రూపం మీదే. మీ కరపత్రంలో ‘జాలితో’ అన్నది కూడా ఈ మూడో రకమే. సేవ చేసేవాడు జాలిని చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వస్తున్నట్టుంది. మీ మొదటి ఆయన అభ్యంతరం అందుకే సరైనది. తప్పు మాటది అనుకుంటే మాత్రం పొరపాటు, తప్పు విభక్తిది.

జాలికి ముందు తెలుగులో ఏముండేది అని అడిగేవారికి: ‘అక్కటికము’ అనే మాట నిఘంటువుల్లో దయ, కనికరం అనే అర్థంలో ఉంది. అయ్యో అనడానికి పాత కావ్యాల్లో ‘అక్కట’, ‘అక్కటా’, ‘కటా’, ‘కటకటా’ అనేవారు కదా, ఆ కుటుంబపు మాటే ఇదీ. నోట వచ్చే మూలుగే భావానికి పేరయింది. అక్కటికం ఇప్పుడు ఎవరూ అనరు. దాని తోబుట్టువు కటకట మాత్రం ఏప్రిల్, మే నెలల్లో పేపర్లో ఏటా కనిపిస్తుంది, ‘నీటి కటకట’ అని. ఒకప్పటి ఏడుపు ఇప్పుడు కొరత అనే అర్థంలో స్థిరపడింది. ‘నెనరు’ అనే ఇంకో అచ్చ తెలుగు మాట ప్రేమ, దయ రెంటికీ చెల్లేది. ఇంటర్నెట్‌లో తెలుగు రాసేవాళ్ళు కొందరు దాన్ని ‘నెనర్లు’ చేసి థాంక్స్‌కి బదులు వాడారు. ముచ్చటైన ప్రయత్నమే, అర్థం మాత్రం పక్కకి జరిగింది.

‘పాపం’ సంగతి చెప్పకుండా ఈ లెక్క పూర్తికాదు. రోజువారీ మాటల్లో మనం జాలి ప్రకటించే మొదటి మాట అదే: ‘పాపం, పొద్దుట్నించీ ఏమీ తినలేదు’. పుణ్యానికి వ్యతిరేకమైన పాపమే ఇది. సంస్కృతంలో ఆ మాటకు దుష్కృత్యంతో పాటు కీడు, దౌర్భాగ్యం అనే అర్థాలు కూడా ఉన్నాయి. దౌర్భాగ్యం అన్న కొస పట్టుకునే ఇది అయ్యో అనే అర్థంలోకి వచ్చింది. తమిళం, మలయాళాల్లో ‘పావం’, కన్నడంలో ‘పాప’, అన్నిచోట్లా అదే కథ. పసిపిల్ల అనే అర్థంలో ‘పాప’ వేరే మాట, దీనికి చుట్టం కాదు. వ్యాకరణంలో దీనికి ఒక విచిత్రమైన స్వేచ్ఛ ఉంది. వాక్యంలో మొదట, మధ్య, చివర ఎక్కడ పెట్టినా నిలబడుతుంది, ఏ విభక్తీ అడగదు. గొంతు కాస్త సాగదీస్తే వెటకారం కూడా అయిపోతుంది: ‘పాపం, చాలా కష్టపడిపోతున్నాడు!’ అచ్చులో ఆ గొంతు వినబడదు కాబట్టి కరపత్రంలో ‘పాపం’ ప్రమాదమే.

ఇక సంస్కృతం వైపు. సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశం నాట్యవర్గంలో దయకు పర్యాయపదాలు ఒకేచోట ఏడు చెప్పింది: కారుణ్యం, కరుణా, ఘృణా, కృపా, దయా, అనుకంపా, అనుక్రోశః. బడిలో వల్లెవేసినప్పుడు ఏడూ ఒకటే అనిపిస్తుంది. ధాతువులు (మాటల మూలరూపాలు) విప్పితే ఒక్కోటి ఒక్కో దారిన వచ్చినట్టు కనబడుతుంది.

దయకు ధాతువు ‘దయ్’. ధాతువుల పాత జాబితా అయిన ధాతుపాఠం దానికి ఇచ్చిన అర్థాలు దానం, గతి, రక్షణ, హింస, ఆదానం. హింస ఎందుకొచ్చిందని కంగారుపడక్కర్లేదు. వేదకాలపు వాడుకలో ఆ క్రియకు పంచడం, వాటా వేసి ఇవ్వడం అనే అర్థం బలంగా ఉంది. పంచాలంటే ముక్క చేయాలి. ఇచ్చేవాడి చేతిలో ఉన్నదాన్ని భాగం చేసి ఇవ్వడం దయ అన్నమాట. తెలుగులో దయ ఎప్పుడూ పైనుంచి కిందికే ఎందుకు పారుతుందో దీంతో తెలుస్తుంది. ‘మీ దయ వల్ల బాగున్నాం’, ‘అమ్మవారి దయ’, ‘దయతలచి’, ‘దయపాలించి’. ‘దయచేయు’ అంటే మొదట ఇవ్వడం: వరం దయచేయమని అడిగేవారు. తరవాత పెద్దవాళ్ళు మన ఇంటికి రావడమే ఒక ఈవి అయి ‘లోపలికి దయచేయండి’ వచ్చింది. గుమ్మం వైపు చెయ్యి చూపిస్తూ అదే మాటంటే ‘ఇక వెళ్ళొచ్చు’ అని. విశాఖ స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఒకే ప్రకటన వరసగా వినబడుతుంది, హిందీలో ‘కృపయా’, తెలుగులో ‘దయచేసి’. ఇద్దరూ బతిమాలే పనికి ఒక్కో దయామాటను అరగదీశారు. అరిగిన మాట గనకే ‘దయచేసి’లో ఇప్పుడు దయ ఎవరికీ వినబడదు. బీచ్ రోడ్డు లాంటి చోట్ల ‘దయచేసి చెత్త వేయరాదు’ అనే బోర్డులు తగులుతాయి. ‘రాదు’ నిషేధం, ‘దయచేసి’ విన్నపం, రెండూ ఒక వాక్యంలో ఇమడవు. ‘దయచేసి చెత్త వేయకండి’ అన్నా, ‘చెత్త వేయరాదు’ అన్నా సరిపోతుంది.

కృపకు దగ్గరి బంధువు కృపణ. రెంటి వెనకా విలపించడం, దీనంగా ఉండడం అనే భావం ఉంది. కృపణుడంటే మొదట జాలిపడదగ్గవాడు, దీనుడు. తెలుగులో వాడు పిసినారి అయ్యాడు. గీతలో రెండు దశలూ పక్కపక్కనే దొరుకుతాయి. మొదటి అధ్యాయంలో అర్జునుడు ‘కృపయా పరయావిష్టః’, అంటే బంధువులను చూసి జాలి ముంచెత్తినవాడు. రెండో అధ్యాయంలో తనకు పట్టింది ‘కార్పణ్యదోషం’ అని తనే అంటాడు, అక్కడ అది దైన్యం. అదే అధ్యాయంలో ‘కృపణాః ఫలహేతవః’ అన్నప్పుడు ఫలం కోసమే పనిచేసేవారు దీనులని. అక్కడ పిసినారితనం పెట్టి అర్థం చెబితే శ్లోకం తేలిపోతుంది. భారతంలో శంతనుడు అడవిలో దొరికిన కవలలను కృపతో తెచ్చి పెంచాడు గనక వాళ్ళు కృపుడు, కృపి అయ్యారు.

అనుకంప అంటే వెంట కంపించడం, అనుక్రోశం అంటే వెంట ఏడవడం, కేకవేయడం. ఒకరు వణికితే పక్కవాడూ వణుకుతాడు. ‘క్రోశ’ అన్నది కేకే, కేక వినబడేంత దూరానికీ అదే పేరు, మన ‘కోసు’ అక్కడిదే. అయోధ్యాకాండ ఆరంభంలో రాముడి గుణాలు చెబుతూ ‘సానుక్రోశః’, ‘దీనానుకంపీ’ అని రెండూ వాడారు. ఈ ఇద్దరినీ తెలుగు పూర్తిగా ఒంటబట్టించుకోలేదు, పుస్తకాల్లోనే ఉండిపోయారు. అర్థం చూస్తే మాత్రం మన ‘జాలి వేయడానికి’ సంస్కృతంలో అన్నిటికంటే దగ్గర ఇవే.

ఘృణ మరీ తమాషా. మొదటి అర్థం వేడి, కాంతి (ఘృణి అంటే కిరణం). మనసు వేడెక్కి కరగడం నుంచి దయ, అదే వేడి ఇంకో వైపు తిరిగి ఏవగింపు. అమరకోశమే నానార్థవర్గంలో (ఒకే మాటకు పలు అర్థాలు చెప్పే భాగంలో) ‘జుగుప్సా కరుణే ఘృణే’ అని రెండూ ఒప్పుకుంది. బ్రహ్మసూత్రాల్లో ‘నైర్ఘృణ్యం’ అంటే నిర్దయ. హిందీలో ఘృణ అంటే ఇప్పుడు అసహ్యం, ద్వేషం మాత్రమే. హిందీ చదివి వచ్చిన పిల్లలు సంస్కృతశ్లోకంలో ‘ఘృణా’ చూసి తలకిందుల అర్థం చెప్పేది ఇక్కడే.

కరుణ మీద మీ మూడో ఆయన సందేహం నిజంగా మంచి సందేహం. దీనికి జవాబు ఒక దీర్ఘంలో ఉంది. సంస్కృతంలో ‘కరుణ’ అని హ్రస్వంతో విశేషణం ఒకటి: శోకకరం, దీనం అని. ‘కరుణా’ అని దీర్ఘంతో స్త్రీలింగ నామవాచకం ఇంకొకటి: దయ అని. ఆకారాంత స్త్రీలింగ పదాలు తెలుగులోకి వచ్చేటప్పుడు చివరి దీర్ఘం పోగొట్టుకుంటాయి, రమా రమ అయినట్టు, దయా దయ అయినట్టు. దాంతో తెలుగులో రెండు కరుణలూ ఒకే ముఖంతో కనిపిస్తున్నాయి. సమాసంలో పెడితే తేడా మళ్ళీ బయటపడుతుంది. రసం పేరు కరుణరసం, దాని స్థాయీభావం, అంటే ఆ రసానికి ఆధారమైన భావం, శోకం. దేవుడు కరుణామయుడు. కంచెర్ల గోపన్న దాశరథి శతకం మకుటం ‘దాశరథీ కరుణాపయోనిధీ’, దయాసముద్రుడా అని, శోకసముద్రుడా అని కాదు. ‘కరుణమయుడు’, ‘దయమయుడు’ అని రాయడం తప్పు: సమాసం లోపల దీర్ఘం నిలవాలి, కరుణామయుడు, దయామయుడు, కృపాకటాక్షం. కాబట్టి ఆయన చెప్పిన ఏడుపు రసం హ్రస్వపు కరుణ, మీకు కావలసింది దీర్ఘపు కరుణ. అయినా రెండూ పూర్తిగా విడిపోలేదు. బాలకాండలో క్రౌంచి ఏడుపు విన్న వాల్మీకి నోట శ్లోకం రావడానికి కారణం చెబుతూ ‘కరుణవేదిత్వాత్’ అన్నారు. దీనావస్థను ఎరిగినవాడు కనక అని.

మాట పుట్టుక గురించి ఒక వ్యాకరణ విశేషం: ధాతువుల నుంచి మాటలు ఎలా పుడతాయో చెప్పే ఉణాది సూత్రాల్లో ‘కృ-వృ-దారిభ్య ఉనన్’ అని ఒకటుంది. ఆ ఒక్క సూత్రంతోనే కరుణ, వరుణ, దారుణ మూడూ సిద్ధిస్తాయి. దారుణానికీ కరుణకూ తోక ఒకటే. ఋగ్వేదంలో (1.100.7) కరుణ అనే మాట దయ అనే అర్థంలో రాలేదు. అక్కడ పని, కర్మ అని అర్థం చెబుతారు. ఆ వేదపదం నుంచే దయార్థం వచ్చిందని నేను గట్టిగా అనను. కాకపోతే తరవాతి కాలంలో ఈ మాటను అందరికంటే ఎక్కువ పట్టించుకున్న బౌద్ధులు కూడా దాన్ని భావంగా వదిలేయలేదు.

భీమిలి దారిలో మంగమారిపేట దగ్గర తొట్లకొండ (పాత బౌద్ధ ఆరామం ఉన్న కొండ) ఎక్కినవాళ్ళకు ఆ వాతావరణం కొంత తెలుసు. 1976లో నౌకాదళం విమానం నుంచి చేసిన సర్వేలో ఆ ఆరామం ఆనవాళ్ళు బయటపడ్డాయి, 1988–93 మధ్య పురావస్తు శాఖ తవ్వింది. కొండరాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల ఆ పేరు. పక్కనే బావికొండ. థేరవాదం (పాలి గ్రంథాల బౌద్ధం) అనే ఆ సంప్రదాయంలో ధ్యానానికి నాలుగు బ్రహ్మవిహారాలు చెబుతారు: మెత్తా (మైత్రి), కరుణా, ముదితా (పరుల సుఖానికి సంతోషించడం), ఉపేక్ఖా (సమభావం). (యోగసూత్రం 1.33లో పతంజలి చెప్పిన మైత్రీ, కరుణా, ముదితా, ఉపేక్ష ఇవే. కరుణ దుఃఖితుల పట్ల అని అక్కడ లెక్క.) అయిదో శతాబ్దంలో బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గం అనే పాలి గ్రంథంలో కరుణను నిర్వచిస్తూ, పరులకు దుఃఖం కలిగినప్పుడు సజ్జనుల హృదయాన్ని కంపింపజేసేది అన్నాడు. అక్కడితో ఆగకుండా, పరుల దుఃఖాన్ని హింసించి నాశనం చేసేది అని కూడా చేర్చాడు. మొదటి సగం అనుకంప, రెండో సగం పని.

అభ్యాసక్రమం కూడా ఇచ్చాడు, అది మీ బృందానికి పనికొచ్చేదే. మైత్రీభావన తనతో మొదలవుతుంది. కరుణాభావన మాత్రం కళ్ళెదుట కష్టంలో ఉన్న దీనుడితో మొదలుపెట్టాలి. ఆపైన ఇష్టమైనవాడు, ఆపైన ఏమీ కాని మధ్యస్థుడు, చివర శత్రువు. దీనుడెవడూ ఎదురుపడకపోతే, ప్రస్తుతం సుఖంగా ఉన్న దుర్మార్గుణ్ణి తీసుకోవచ్చట. వాడికి ముందు రాబోయేది తలచుకుంటే చాలు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఒక్కో భావానికి దూరపు శత్రువు, దగ్గరి శత్రువు అని విడదీశాడు. కరుణకు దూరపు శత్రువు క్రూరత్వం, అది ఎవరికైనా తెలుస్తుంది. దగ్గరి శత్రువు దోమనస్సం, అంటే మనసు కుంగిపోవడం. అది కరుణలాగే కనిపిస్తుంది గనక పట్టుకోవడం కష్టం. మన పాత జాలి, ఆ వ్యథ, ఆ చింత, సరిగ్గా ఈ దగ్గరి శత్రువు చోటులో కూర్చుంటుంది. రోజూ రోగుల మంచాల పక్కన కూర్చునేవాళ్ళు కొన్నాళ్ళకు నీరసించి మానేస్తున్నారంటే, తరచు కారణం జాలి తక్కువవడం కాదు. జాలి ఎక్కువై, దిగులుగా మారి, చేతులు ఆడకపోవడం. ‘కరుణ’ పెట్టమన్నది ఇందుకే. కదిలిపోవడంతో పాటు చేతులు కదలడం కూడా ఆ మాటలో ఉంది.

కనికరం కన్నడంలోనూ ఉంది, ‘కనికర’ అని, అదే అర్థంలో. ‘కని కరిగేది’ అని విడగొట్టి చెప్పాలని సరదా పుడుతుంది. కానీ కన్నడంలో ‘చూసి’ అనడానికి ‘కండు’ అంటారు, ఆ విరుపు అక్కడ పనిచేయదు. తమిళంలో ‘కనివు’ అంటే పండి మెత్తబడడం, మనసు మెత్తబడడం కూడా. పోలిక అటువైపు బలంగా ఉంది. వాడుకలో కనికరం ఎక్కువగా లోపించినప్పుడే గుర్తొస్తుంది: ‘కనికరం లేకుండా కొట్టాడు’, ‘కాస్తయినా కనికరించలేదు’. శిక్షించే శక్తి ఉన్నవాడు ఆగడం కనికరం. రోగికి మీరు శిక్ష వేయబోవడం లేదు కాబట్టి అది ఇక్కడ కుదరదు.

క్రైస్తవ తెలుగులో దీనికి వేరే స్థానం ఉంది, విశాఖలో కరపత్రం పంచేవాళ్ళు అది గమనించాలి. తెలుగు బైబిలు అనువాదం మొదలైన ఊళ్ళలో ఇదొకటి. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1805లో ఇక్కడికి వచ్చి, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో అనువాదం సాగించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. నేడు చర్చిల్లో చదివే పాఠంలో కనికరం, కృప వేరు వేరు పనులు చేస్తాయి. ‘కనికరముగలవారు ధన్యులు, వారు కనికరము పొందుదురు’ అని మత్తయి 5:7. ‘ఆయన కృప నిరంతరముండును’ అని 136వ కీర్తన పల్లవి. అర్హత చూడకుండా దేవుడిచ్చేది కృప, బాధపడేవాణ్ణి చూసి మెత్తబడడం కనికరం. ‘కృపతో మీ సేవలో’ అని రాస్తే సగం మంది మీది చర్చి బృందం అనుకుంటారు. అది నిజమైతే ఇబ్బంది లేదు, కాకపోతే ఇంటి తలుపు దగ్గర వివరణ ఇచ్చుకోవాలి.

సానుభూతి పేపర్ల మాట. చనిపోయినవారికి సంతాపం, మిగిలినవారికి ప్రగాఢ సానుభూతి, ఈ తేడా విలేకరులు ఇప్పటికీ బాగానే పాటిస్తున్నారు. ఎన్నికలు రాగానే సానుభూతి ఓట్లు, సానుభూతిపరులు. బతికున్న రోగికి సానుభూతి చెప్పడం అపశకునంలా తగులుతుంది. ఎంపతీకి ‘సహానుభూతి’ అంటున్నారు. ఆ ఇంగ్లీషు మాటే 1909లో టిచనర్ అనే మనస్తత్వవేత్త జర్మన్ మాటకు సాటిగా కట్టినది. వర్క్‌షాపుల్లో పనికొస్తుంది, మంచం పక్కన నోరు తిరగదు.

‘కారుణ్యం’ ఎందుకు వద్దన్నానంటే, దాన్ని ఆఫీసులూ కోర్టులూ పట్టేశాయి. స్టీల్ ప్లాంటు, పోర్టు, రైల్వే ఉద్యోగులున్న ఈ ఊళ్ళో ఆ మాట వినగానే తోచేది కారుణ్య నియామకం, సర్వీసులో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి ఇచ్చే ఉద్యోగం. (అది హక్కుగా అడిగేది కాదు, ఆ కుటుంబం అప్పటికప్పుడు గట్టెక్కడానికి ఇచ్చే వెసులుబాటు అని సుప్రీంకోర్టు 1994లోనే చెప్పింది.) రెండో జ్ఞాపకం ఇంకా చెడ్డది: కారుణ్య మరణం. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు కృత్రిమ చికిత్స ఆపడాన్ని షరతులతో ఒప్పుకున్నప్పుడు అన్ని పేపర్లలోనూ పతాక శీర్షిక ఆ మాటే. నయం కాని జబ్బుతో ఉన్న మనిషి ఇంటికి ‘కారుణ్య సేవ’ అని అచ్చువేసిన కాగితం వెళితే, వీళ్ళు దేనికొచ్చారని ఇంట్లోవాళ్ళు హడలిపోతారు. జీవకారుణ్యం జంతువులకు స్థిరపడిపోయింది, అది మరీ కుదరదు.

ఇక వాక్యాలు. ‘జాలితో మీ ముంగిట’ బదులు పైన ‘కరుణ’ అని ఒక్క మాట, కింద చిన్న అక్షరాల్లో ‘ఇంటి వద్దనే ఉపశమన చికిత్స, ఆదరణ’. ఆదరణ అన్నాను, ఎందుకంటే ఆ మాటలో మర్యాద ఉంది, అతిథినీ ఆదరిస్తాం, ముసలి తల్లినీ ఆదరిస్తాం, పైచేయి కిందిచేయి రాదు. ‘దయనీయ స్థితిలో ఉన్న రోగులకు’ అనే వాక్యం ఉంటే కొట్టేయండి. దయనీయం అంటే చూసేవాడి మాట, చదివే రోగి తన గురించే అనుకుంటాడు. ‘నొప్పి, ఆయాసం, పుండ్లు ఇబ్బంది పెడుతున్నవారికి’ అని బాధ పేరు పెట్టి రాస్తే జాలి మాట అవసరమే ఉండదు. ‘రోగులపై కరుణ చూపండి’ అని దాతలను అడిగే వాక్యం వేరే కాగితం మీద వేయండి. దాతకూ రోగికీ ఒకే కరపత్రం పనికిరాదు. ఇక మంచం దగ్గర నోటితో అనేటప్పుడు ‘జాలేస్తోందండీ’ వద్దు, ‘పాపం’ అంతకంటే వద్దు. ‘రాత్రి నిద్ర పట్టిందా బాబూ’, ‘నొప్పి ఎక్కడుందమ్మా’ చాలు.

ఇలాంటి మాటల పుట్టుక మీరే చూసుకోవాలంటే ఆంధ్రభారతి సైట్లో నిఘంటు శోధన ఉంది, బ్రౌన్ నిఘంటువు (1852), శబ్దరత్నాకరం (1885) లాంటివన్నీ ఒకేసారి వెతుకుతుంది. ముందు దేశ్యమా (అచ్చ తెలుగు) తత్సమమా (సంస్కృతం నుంచి వచ్చినది) అన్న గుర్తు చూడండి. దేశ్యమైతే బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువుకి, తత్సమమైతే మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువుకి వెళ్ళండి. వెతికేటప్పుడు చివర ‘ము’ చేర్చి కూడా ప్రయత్నించండి. ‘కనికరం’ అని కొడితే దొరకనిది ‘కనికరము’ అంటే దొరుకుతుంది.